సాల్వ్ చేయొద్దన్న డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ క్లాసు

డిగ్రీలో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, అంటే ఒక రాశి మారే వేగాన్ని బట్టి ఆ రాశినే కనుక్కునే లెక్కల పేపరంటే మాకెవరికీ టెన్షన్ ఉండేది కాదు. లెక్క చూడగానే ఏ రకమో పట్టుకోవాలి, అంతే. వేరియబుల్స్ సెపరబులా, ఎగ్జాక్టా, బెర్నూలీనా, క్లైరోనా అన్నది తేలిందంటే మిగతాది చెయ్యే రాసుకుంటూ పోయేది. సెకండ్ ఆర్డర్ వస్తే సి.ఎఫ్. (కాంప్లిమెంటరీ ఫంక్షన్), పి.ఐ. (పర్టిక్యులర్ ఇంటిగ్రల్) అనే రెండు ముక్కలు కనుక్కుని కలిపేయడమే. జిల్లాల్లో తెలుగు మీడియం చదివి ఉస్మానియా ఎమ్మెస్సీ మ్యాథ్స్‌లో చేరిన మాలాంటివాళ్లకు టోపాలజీ అంటే వణుకు, ఈ పేపరంటే ధీమా.

ఎమ్మెస్సీలో ఆ పేపరు చెప్పే సారు వచ్చి బోర్డు మీద ఒకే ఒక్క ఈక్వేషన్ రాశారు. వై డాష్ (అంటే వై మారే వేగం) ఈజీక్వల్టు ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్. చూడ్డానికి ఎంత అమాయకంగా ఉందో! సెపరేట్ అవదు, ఎగ్జాక్ట్ కాదు, ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ దొరకదు. మాకు తెలిసిన రకాలన్నీ అయిపోయాక ఆయన తాపీగా చెప్పారు: మనకు అలవాటైన ఫంక్షన్లతో, ఇంటిగ్రేషన్లతో దీనికి జవాబు రాయడం కుదరదని 1841లోనే లియోవిల్ అనే ఫ్రెంచి గణితవేత్త నిరూపించేశాడట. “అయినా సొల్యూషన్ ఉంది. సాల్వ్ చేయకుండా, ఉందని మాత్రం చూపించండి” అన్నారు.

క్లాసంతా మొహమొహాలు చూసుకున్నాం. జవాబు రాకపోయినా జవాబుందని ఎలా చెప్తారు? ఆ ఏడాది మేం నేర్చుకున్నదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

దానికి మాకు చూపించిన దారి పికార్డ్ అనే గణితవేత్త పద్ధతి. వినడానికి మోసంలా ఉంటుంది. ముందు ఏదో ఒక జవాబు అనుకుంటాం. దాన్ని ఈక్వేషన్‌లో పెట్టి ఇంటిగ్రేట్ చేస్తే ఇంకో జవాబొస్తుంది. దాన్ని మళ్లీ పెడతాం. ఉదాహరణకి వై డాష్ ఈజీక్వల్టు వై, సున్నా దగ్గర వై విలువ ఒకటి. ఒకటితో మొదలుపెడితే ఒకటి ప్లస్ ఎక్స్ వచ్చింది, తర్వాత ఎక్స్ స్క్వేర్ బై రెండు తోడైంది, ఆ తర్వాత ఎక్స్ క్యూబ్ బై ఆరు. ఎక్స్‌పొనెన్షియల్ సిరీస్ మా చేతుల్లోనే ఒక్కో పదం చొప్పున తయారవుతుంటే వెనక బెంచీవాళ్లు కూడా పెన్నులు తీశారు. ఇలా వచ్చే జవాబులన్నీ ఒకచోటికి చేరతాయని, అక్కడున్నది ఒక్కటే జవాబని చూపించడమే థీరం. దానికి కావలసింది లిప్‌షిట్జ్ కండిషన్, అంటే వై ఎంత మారితే ఈక్వేషన్ కుడివైపు విలువ దానికి ఫలానా రెట్లకు మించి మారకూడదన్న షరతు.

ఆ కండిషన్ లేకపోతే ఏమవుతుందని ఎవరో అడిగారు. నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది దానికి సారు ఇచ్చిన జవాబే. అడుగున చిల్లున్న డ్రమ్ము అనుకోమన్నారు. నీటిమట్టం తగ్గే వేగం ఆ మట్టం వర్గమూలాన్ని బట్టి ఉంటుంది, ఇది టోరిసెల్లీ 1644లో చెప్పిన సూత్రం. ఇప్పుడు గదిలోకెళ్లి చూస్తే డ్రమ్ము ఖాళీ. ఎప్పుడు ఖాళీ అయింది? పొద్దున్నా, నిన్న రాత్రా, అసలు నీళ్లే పట్టలేదా? ఈక్వేషన్‌ని ఎంత బతిమాలినా చెప్పదు, అన్నీ దానికి సరిపోయే జవాబులే. సున్నా దగ్గర వర్గమూలం గ్రాఫు నిటారుగా లేస్తుంది కాబట్టి అక్కడ లిప్‌షిట్జ్ కండిషన్ చెల్లదు. ఎప్సిలాన్, డెల్టాలతో నిండిన పేజీలు మరిచిపోయాను గానీ ఆ డ్రమ్మును మరవలేదు.

వై డాష్ ఈజీక్వల్టు వై స్క్వేర్ ఇంకో రకం ఝలక్ ఇచ్చింది. సున్నా దగ్గర ఒకటితో మొదలైన సొల్యూషన్, ఎక్స్ ఒకటికి చేరేలోపే ఆకాశానికి ఎగిరిపోతుంది. ఈక్వేషన్‌లో ఎక్కడా ప్రమాదపు బోర్డు కనిపించదు. థీరం జవాబుకు హామీ ఇచ్చేది “కొంత ఇంటర్వల్‌లో” మాత్రమే, ఆ మాటను మేం అప్పటిదాకా లెక్కచేయలేదు.

మా డిపార్ట్‌మెంట్‌కు ఈ సబ్జెక్టుతో పాత చుట్టరికం ఉంది. డిఫరెన్షియల్ ఇనీక్వాలిటీస్‌లో (ఈజీక్వల్టు బదులు ఎక్కువ, తక్కువ గుర్తులుండేవి) ప్రపంచమంతా పేరున్న వి. లక్ష్మీకాంతం గారు 1957లో ఉస్మానియాలోనే పీహెచ్‌డీ చేశారు. ఆ సంగతి తెలిశాక ఆ కోవలోదే అయిన గ్రోన్‌వాల్ ఇనీక్వాలిటీని బట్టీ పట్టడం మాకే నామోషీ అనిపించింది. అయినా పట్టాం, పరీక్ష పరీక్షే కదా.

నేనిప్పుడు ఒక మందుల కంపెనీలో డేటా చూస్తాను. రక్తంలో మందు తగ్గడం చాలావరకు ఫస్ట్ ఆర్డర్ ఈక్వేషన్ ప్రకారమే నడుస్తుంది. మందు సగానికి తగ్గే సమయమే హాఫ్ లైఫ్, అలాంటివి ఐదు గడిచేసరికి మిగిలేది మూడు శాతం పైచిలుకు. జవాబు కంప్యూటరే ఇస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు ఆ గ్రాఫు చూసి సంబరపడుతుంటే, “అసలిది ఒక్కటే జవాబని ఎలా తెలుసు?” అని అడుగుతాను. ఈ ముసలాయనకు చాదస్తం అని వాళ్లు అనుకుంటారని తెలుసు, అనుకోనీ.

సారు చెప్పిన స్టెబిలిటీ (మొదలు కాస్త మారితే జవాబు దారి తప్పుతుందా లేదా అన్న) పాఠాల నోట్సు అప్పట్లో చేతులు మారుతూ జిరాక్సులుగా తిరిగేది. నా కాపీ ఇల్లు మారినప్పుడు పోయింది. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే, చివరి పేజీలు చిరిగిపోయినా పర్లేదు, మన పాత విద్యార్థుల సమావేశానికి పట్టుకురండి.