లోతు నీళ్ల ఆక్టోపస్ ముక్కు మీద గీతలు లెక్కపెట్టడం: నా అనుభవం

మెరైన్ బయాలజీ మాస్టర్స్ కోసం ఇటలీలోని సార్డీనియా వెళ్లాను. థీసిస్‌కి బాతిపాలిపస్ స్పాన్సాలిస్ అనే ఆక్టోపస్ ఇచ్చారు. అది ఏం తింటుందో కడుపులో చూడాలి, ముక్కు మీద గీతల్ని బట్టి దాని వయసు అంచనా వేయొచ్చేమో చూడాలి. ఎర్ర రొయ్యల కోసం వందల మీటర్ల లోతున లాగే ట్రాల్ వలల్లో రొయ్యలతో పాటు ఇదీ పడుతుంది. చీకట్లో బతికే జీవి కదా, సిరా సంచి కూడా ఉండదు.

ముందు కడుపు పని. ఫ్రీజర్‌లోంచి తీసి, మంచు కరిగాక కోసి, లోపలున్నది సన్నటి జల్లెడలో కడగాలి. చేప కడుపులోనైతే ఒక్కోసారి మింగిన చేప మొత్తం దొరుకుతుంది. ఇక్కడ అంతా నూకే! ఆక్టోపస్ అన్నవాహిక మెదడు మధ్యలోంచి వెళ్తుంది, పెద్ద ముద్ద పట్టదు. అందుకని నోట్లో ఉండే గట్టి ముక్కుతో కొరికి, పళ్ల పట్టీలాంటి రాడ్యులాతో గీకి మింగుతుంది. నాకు ఎక్కువగా దొరికినవి రొయ్యల, పీతల పెంకు ముక్కలు, విరిగిన కాళ్లు. కాలి చివర చూసి అది ఏ జాతిదో తేల్చడానికి ఓపిక కావాలి. ఖాళీ కడుపుల్నీ నమోదు చేయాల్సిందే.

ముక్కు చిలక ముక్కులా ఉంటుంది, కాకపోతే ఇక్కడ కింది భాగమే పై భాగాన్ని కప్పుతుంది. కైటిన్, ప్రోటీన్‌లతో తయారైంది కాబట్టి ఎండితే పగులుతుంది. అందుకే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి ఫ్రిజ్‌లో దాచేదాన్ని. పై ముక్కును నిలువునా రెండు చేసి, పక్క గోడ లోపలి వైపు జిగురు శుభ్రం చేసి, లైటు ఏటవాలుగా వేస్తే సన్నటి గీతలు కనిపిస్తాయి. ముక్కు పెరిగేది వెనక అంచున. కొత్తగా పెరిగిన అంచు పారదర్శకంగా ఉంటుంది. ముందు కొన మాత్రం పెంకులు కొరికి కొరికి అరుగుతుంది, దానితో పాటు పాత గీతలూ పోతాయి. కాబట్టి కొన దగ్గర లెక్క తక్కువే వస్తుంది. గోడ మీద లెక్కే నయం.

పాత లెక్క చూడకుండా అదే ముక్కును మళ్లీ లెక్కపెట్టేదాన్ని. రెండు అంకెలకూ పొంతన కుదరకపోతే ఆ ముక్కు పక్కకే. ఎన్ని మిగులుతాయో అని ఒకటే టెన్షన్.

తీర ప్రాంతపు మామూలు ఆక్టోపస్‌లో రోజుకో గీత పడుతుందని ట్యాంకుల్లో పెంచి నిరూపించారు. ఎండ పొడే లేని లోతులో, నీరు ఏడాది పొడవునా దాదాపు 13 డిగ్రీలే ఉండే చోట, అదే లెక్కను కళ్లు మూసుకుని వాడటం నాకు నచ్చలేదు. గ్రాఫులో 'వయసు' అని కాకుండా 'గీతల సంఖ్య' అనే రాశాను. వైవాలో ప్రశ్నలన్నీ దాదాపు దాని మీదే. అయినా ఆ మాట మార్చలేదు.