కరెంటు పోయి దీపం వెలిగించినాడు: నా పీహెచ్‌డీ అనుభవం

మాది ప్రొద్దుటూరు. భాషాశాస్త్రంలో నెట్ పాసై, తెలుగు వాక్యాల మీద పీహెచ్‌డీ చేస్తానంటే నాన్నకు నచ్చలేదు. "పక్కనే కలమళ్లలో ఆరో శతాబ్దపు తెలుగు శాసనం దొరికింది. అది చదవకుండా, మనం రోజూ మాట్లాడేదాని మీద పరిశోధనేంది మా?" అన్నాడు. రోజూ మాట్లాడే మాటలోనే ఎవరూ నేర్పని నియమాలున్నాయని ఆయనకు చెప్పడానికి నాకు చాలాకాలం పట్టింది.

నేను తీసుకున్నది క్త్వార్థకం, అంటే ఒక పని తర్వాత ఇంకో పని జరిగిందని చెప్పే 'తిని', 'పడి' లాంటి క్రియారూపం. 'తిని వచ్చాడు' అంటే తిన్నదీ వచ్చిందీ ఒకరే. కానీ 'వాన పడి చెరువు నిండింది' అని కూడా అంటాం. ఇక్కడ కర్తలు ఇద్దరు. ఇది ఎప్పుడు కుదురుతుంది? 1985లో భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి తెచ్చిన ఆధునిక తెలుగు వ్యాకరణంతో చదువు మొదలుపెట్టాను. అసలు పని మాత్రం మా ఊళ్లల్లోనే జరిగింది.

"ఈ వాక్యం కరెక్టేనా?" అని అడిగితే ఎవరైనా బడిలో చదివిన తెలుగు అప్పజెబుతారు. అందుకే ముందు సందర్భం చెప్పి, తర్వాత వాక్యం వినిపించేదాన్ని. 'కరెంటు పోయి మోటారు ఆగిపోయింది' అంటే మా మేనత్త తలూపింది. 'కరెంటు పోయి మామ దీపం వెలిగించినాడు' అనగానే, "అట్లెవురంటారు మా? కరెంటు పోతే వెలిగించినాడు అను" అంది. రెండింట్లోనూ కారణం కరెంటు పోవడమే. కానీ మోటారు దానంతటదే ఆగింది, దీపం మామ కావాలని వెలిగించాడు. కారణం ఒక్కటే సరిపోదని ఆ జతతో తేలింది. పొలం పనికి పోయేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, ఎక్కువమంది అదే దిద్దుబాటు చేశారు. జనం 'అనరు' అనే వాక్యాలు మామూలు పుస్తకాల్లోనూ, రికార్డింగుల్లోనూ దొరకవు. మనిషి ఎదురుగా కూర్చుని అడిగితేనే వస్తాయి. నా సిద్ధాంత గ్రంథంలో నాకు అన్నిటికంటే విలువైనవి అవే.

రాయడం, సెమినార్లు, ఫీజులు, సంతకాలు అందరికీ ఉండేవే. చివర్లో జరిగే మౌఖిక పరీక్ష, వైవాకు ముందు మాత్రం టెన్షన్ పడ్డాను. "ఇది వాక్యనిర్మాణ నియమమా, అర్థానికి సంబంధించిందా?" అని పరీక్షకులు అడిగారు. ఆ రెండు వాక్యాలే బోర్డు మీద రాశాను. రెండింటి నిర్మాణమూ దాదాపు ఒకటే, తేడా క్రియల అర్థంలో ఉంది కాబట్టి నిర్మాణాన్నీ అర్థాన్నీ విడదీసి చెప్పలేమన్నాను. చాలాసేపు వాదన జరిగింది, నాకు ఎంతో ఇష్టమైన వాదన అది.

ఇప్పుడు అనంతపురం జిల్లా రాయదుర్గం వైపు, ఇంట్లో కన్నడమూ తెలుగూ రెండూ మాట్లాడేవాళ్లను ఇవే వాక్యాలు అడగబోతున్నాను. ఆ దీపం వాక్యాన్ని వాళ్లు రెండు భాషల్లోనూ ఒకేలా దిద్దుతారా అన్నది చూడాలి.