నల్లబల్ల మీద ఒక్క పాదం

మన బడిలో శనివారం చివరి పీరియడ్‌కి తెలుగు మాస్టారు నల్లబల్ల మీద ఒక్క పాదం రాసి కూర్చునేవారు. పైన మూడు పాదాలు పిల్లలు కట్టాలి. సమస్యాపూరణం అంటే అంతే. ఊహకు ఇంతకన్నా చవకైన తాలింఖానా లేదు. చిత్తుకాగితం, పెన్సిలు చాలు.

ఇచ్చే పాదం ఎప్పుడూ అడ్డగోలుగానే ఉంటుంది. తెనాలి రామకృష్ణుడి పేర చెప్పుకునే ‘కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్’ అందరం విన్నదే. ఏనుగుల మంద దోమ గొంతులో దూరడమేమిటి? ఏనుగులు పాండవులు, దోమ విరాటుడి కొలువు అనుకోగానే చిక్కు విడిపోయింది. ముందు దొరకాల్సింది ఆ మెలిక. గణాల (అక్షరాల గుంపుల) సంగతి ఆ తర్వాత. చాలామంది మొదటి పాదంతో మొదలుపెట్టి మూడోదానికి వచ్చేసరికి చతికిలబడేది ఇందుకే.

ఒక సమస్య తీసుకుందాం: ‘చీకటియే వెలుగు నిచ్చె చిన్నారులకున్’. ఇది కందం అనే పద్యం. పొట్టి అక్షరం లఘువు, దానికి ఒక మాత్ర; పొడుగుది గురువు, దానికి రెండు. కందంలో అన్నీ నాలుగు మాత్రల గణాలే: గగ (రెండు గురువులు), భ (గురువు, రెండు లఘువులు), జ (లఘువు, గురువు, లఘువు), స (రెండు లఘువులు, గురువు), నల (నాలుగు లఘువులు). 1, 3 పాదాల్లో మూడేసి, 2, 4 పాదాల్లో అయిదేసి. రెండేసి పాదాలు కలిపి లెక్కిస్తే ఎనిమిది. అందులో బేసి స్థానాల్లో జగణం రాకూడదు. ఆరోది మాత్రం జగణమో నలమో అయి తీరాలి. ఇక్కడ ‘గునిచ్చె’ జగణం. 2, 4 పాదాల చివర గురువు. ఆ పాదాల్లోనే మొదటి గణం తొలి అక్షరానికీ నాలుగో గణం తొలి అక్షరానికీ యతి, అంటే ధ్వనిలో పొంతన: చీ, చి. ప్రాస, అంటే అన్ని పాదాల్లో ఒకటిగా ఉండాల్సిన రెండో అక్షరపు హల్లు, ఇక్కడ ‘క’. తొలి అక్షరం గురువు కనుక నాలుగు పాదాలూ గురువుతోనే మొదలవ్వాలి.

ఇప్పుడు కాగితం పక్కన ప్రాసమాటల జాబితా రాసుకోవాలి: పాక, రేక, మూక, నౌక, తోక, ఆకు. ‘శంక’, ‘అక్క’ పనికిరావు. సున్నా ఉన్న ప్రాసకు సున్నా, జంటకు జంట ఉండాలి. పిల్లల పద్యాలు ఎక్కువగా కుంటేది ఇక్కడే.

చీకటికి జవాబు ఎదురుగానే ఉంది: నల్లబల్ల. సమస్యతో అతకాల్సింది మూడో పాదమే కనుక దాన్ని ముందు కట్టి, పైకి వెళ్లాలి.

పాకల నడచెడి బడిలో
రేకలుగా తెల్లసుద్ద రెక్కలు విప్పన్
మా కఱిబల్లయె గురువై
చీకటియే వెలుగు నిచ్చె చిన్నారులకున్

రెండో పాదంలో యతి రే, రె. ‘రెక్కలు’ అన్న మాట నిజానికి యతి కోసం వెతికితే దొరికింది. ఛందస్సు ఊహకు సంకెళ్లు అనేవాళ్లు ఈ అనుభవం ఎరగరు. అక్షరం అడ్డం పడకపోతే సుద్దముక్కకి రెక్కలు మొలిచేవి కావు.

చాలని మాత్రలకు ‘భళిర’, ‘నిజము’, ‘చూడ’ అతికించడం ఒక జాడ్యం. వ్యర్థపదం ఒకటైతే సర్దుకోవచ్చు, మూడైతే పద్యం సొట్టలు పడ్డ సత్తుగిన్నె. ‘అని పిచ్చివాడు పలికె’ అని తప్పుకోవడం మరొకటి. అది ఏ సమస్యకైనా సరిపోతుంది, అందుకే దానికి మార్కులు తక్కువ. క్రమాలంకారం మాత్రం మర్యాదైన దారే. పై పాదాల్లో వరసగా ప్రశ్నలు వేస్తే సమస్యలోని మాటలే వరసగా జవాబులవుతాయి.

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకుల (ప్రశ్నలడిగేవాళ్ల) మధ్య సమస్య ఒక అంశం మాత్రమే. అవధాని కాగితం ముట్టడు. మనకి కాగితం ఉంది, మన పాత విద్యార్థుల వచ్చే కలయిక దాకా గడువూ ఉంది. కనుక ఇదిగో మీకో సమస్య:

‘పాతబడినకొలది బడికి పరువము వచ్చెన్’

ప్రాసకి రాత, గీత, తాత, నూతి, జ్యోతి ఉన్నాయి. మన రాతిగోడ కూడా.