అమ్మ తిట్టిన మాట

సంచికకి మీ గురించి నాలుగు మాటల్లో రాసి పంపండి అని అడిగారు. వెంటనే 1991లో మా తెలుగు మాస్టారు పెట్టిన ఇలాంటి పరీక్షే గుర్తొచ్చింది. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో మిగతా పాఠాలన్నీ ఒరియాలో, ఆ ఒక్క పీరియడే తెలుగులో. తొమ్మిదో తరగతి. నేను 'సత్యవ్రతురాలిని, పరోపకారిని' అని రాసిచ్చాను.

మాస్టారు చదివి, "ఏటమ్మా, ఇవి పుస్తకంలో మాటలు. మీ అమ్మ నిన్ను ఏమని తిడుతుందో రేపు రాసుకురా" అన్నారు. మనుషుల నోట్లో ఉన్న మాటే భాష అని ఆయన నమ్మకం. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే పంతులుగా పనిచేస్తూ ఇక్కడి కొండల్లో ఉండే సవరల మాట నేర్చుకుని, దానికి నిఘంటువు కూడా చేశారని తరచూ చెప్పేవారు.

తిట్టు కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆ సాయంత్రమే పక్కవీధి పిల్ల అడిగితే గొడుగు ఇచ్చేసి తడిసి ఇంటికొచ్చాను. "ఒలే, నీ మొహమాటం మండిపోనూ!" అంది అమ్మ, తల తుడుస్తూ. మర్నాడు ఆ ఒక్క మాటే రాశాను. మాస్టారు ఆ కాగితం తరగతికంతా చదివి వినిపించారు.

నా పక్క బెంచీ నేస్తం ఒరియా పిల్ల. ఏం రాశావని అడిగింది. 'లాజకుళీ' అన్నాను, సిగ్గరి అని. ఒప్పుకోలేదు. క్లాసులో అందరికన్నా ముందు చెయ్యెత్తుతావు, ఉపన్యాసాల పోటీకి వెళ్తావు, నీకు సిగ్గేమిటి అంది. నిజమే. సిగ్గు నలుగురూ చూస్తే వస్తుంది. మొహమాటం ఒక్క మనిషి ఎదురుగా నిలబడి అడిగినప్పుడు గొంతులో అడ్డుపడుతుంది. దాన్ని ఒరియాలో ఒక్క మాటలో చెప్పడం నాకు చేతకాక గొడుగు సంగతి మొత్తం చెప్పాను. అంతా విని, "అయితే నేనూ అంతే" అంది. ఆ రోజు నుంచి మేము విడిపోలేదు. తర్వాత నౌపడ-గుణుపురం చిన్న రైల్లో ఎన్నిసార్లు కలిసి తిరిగామో! ఆ రైలు 2004లో ఆగిపోయింది. ఇప్పుడు పెద్ద పట్టాలొచ్చాయి.

ఇంక నా నాలుగు మాటలు. మొహమాటం, అది వయసుతో కొంత తగ్గింది. ముక్కోపం, అది తగ్గలేదు. చదువుపిచ్చి. నాలుగోది అమ్మని అడిగి రాయాల్సింది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఆ చోటు ఖాళీగానే అచ్చు వెయ్యండి.