లీవర్ యాక్షన్ రైఫిల్‌లో సేఫ్టీ ఎక్కడుంటుంది?

నవంబరు చివర్లో పెన్సిల్వేనియాలో జింకల వేట మొదలయ్యే ముందు, పాత వించెస్టర్, మార్లిన్ కంపెనీల లీవర్ యాక్షన్ రైఫిళ్ల (ట్రిగ్గర్ చుట్టూ ఉండే లీవర్ అనే మీటను కిందికీ పైకీ ఆడించి తూటా ఎక్కించేవి) కోసం దుకాణానికి వచ్చేవారిలో చాలామంది ముందుగా చూసేది ఫ్రేమ్‌కు (లోపలి భాగాలను పట్టి ఉంచే ఉక్కు పెట్టెకు) అడ్డంగా గుండ్రటి బొత్తాం ఉందా లేదా అని. లేకపోతే సంతోషిస్తారు, ఉంటే మొహం చిట్లించి ధర తగ్గించమంటారు. ఆ బొత్తామే సేఫ్టీ, అంటే తుపాకి అనుకోకుండా పేలకుండా ఆపే భాగం. ప్రాణరక్షణ కోసం పెట్టిన భాగమే వస్తువు విలువను తగ్గించడం వింతగా కనిపిస్తుంది గాని, మెకానికల్ ఇంజనీరుగా లోపలి అమరికను చూశాక ఆ అయిష్టంలో కొంత న్యాయం, అంతకంటె ఎక్కువ అలవాటు ఉన్నాయని నాకు అనిపించింది.

జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1894 మోడల్‌కు దాదాపు ఒక శతాబ్దం పాటు చేత్తో వేసే ప్రత్యేకమైన సేఫ్టీ లేదు. అంతమాత్రాన రక్షణే లేదని కాదు. వెనుకవైపు బయటికి కనిపించే హ్యామర్ (తూటాను పేల్చే దెబ్బ కొట్టే సుత్తి) అడుగున రెండు గాళ్లు ఉంటాయి. హ్యామర్‌ను పూర్తిగా వెనక్కి లాగినప్పుడు సియర్ (ట్రిగ్గర్‌తో కదులుతూ హ్యామర్‌ను పట్టి ఉంచే ముక్క) కొన ఆనే గాడి లోతు తక్కువ; ట్రిగ్గర్ కాస్త నొక్కగానే ఆ కొన జారిపోయి హ్యామర్ ముందుకు దూకుతుంది. సగం దూరంలో ఉండే రెండో గాడి లోతైనది, దానికి కొక్కెంలా ఒక అంచు ఉంటుంది. సియర్ కొన అందులో చిక్కుకుంటే ట్రిగ్గర్ నొక్కినా బయటికి రాదు. హాఫ్ కాక్ అనేది ఈ స్థితినే. చాంబర్‌లో (కాల్చబోయే తూటా కూర్చునే గదిలో) తూటా ఉన్నప్పుడు హ్యామర్‌ను పూర్తిగా కిందికి దించి ఉంచకూడదని చెప్పడానికి కారణం కూడా ఇక్కడే ఉంది: అప్పుడు హ్యామర్ నేరుగా ఫైరింగ్ పిన్ (ఆ దెబ్బను తూటాకు అందించే సన్నని మేకు) మీద ఆని ఉంటుంది కనుక, వెనుకనుంచి తగిలే గట్టి దెబ్బ ప్రైమర్ (తూటా అడుగున దెబ్బకు అంటుకునే భాగం) దాకా చేరే ప్రమాదం ఉంది. హాఫ్ కాక్‌కూ హద్దు లేకపోలేదు. రైఫిల్ గట్టినేల మీద హ్యామర్ తగిలేలా పడితే ఆ బరువంతా మోయవలసింది ఒక సన్నని ఉక్కు అంచే.

వీటితోపాటు, మన ప్రమేయం లేకుండా పనిచేసే అడ్డుకట్టలు కొన్ని ఉంటాయి. వించెస్టర్ 1894 మోడల్‌లో లీవర్‌ను పిడికిలితో పూర్తిగా పైకి బిగించి పట్టుకుంటే తప్ప ట్రిగ్గర్ కదలదు. మార్లిన్ 336లో ఫైరింగ్ పిన్ రెండు ముక్కలుగా ఉంటుంది. బోల్టు (చాంబర్‌ను వెనుకనుంచి మూసే భాగం) పూర్తిగా తాళం పడితేనే వెనుక ముక్క ముందు ముక్కతో ఒకే వరుసలోకి వస్తుంది. ఇవి లీవర్ సరిగా మూసుకోకముందే తూటా పేలకుండా ఆపుతాయే గాని, మూసుకున్న తరువాత వాటికి పని లేదు.

అసలు చిక్కు హ్యామర్‌ను దించేటప్పుడు వస్తుంది. కాల్చవలసిన అవసరం లేకపోయింది, హ్యామర్ మాత్రం పూర్తిగా ఎక్కి ఉంది. గొట్టాన్ని సురక్షితమైన దిక్కుకు తిప్పి, బొటనవేలితో హ్యామర్‌ను గట్టిగా అదిమిపట్టి, ట్రిగ్గర్ నొక్కి, హ్యామర్ కొంచెం కదలగానే ట్రిగ్గర్ వదిలేసి, హాఫ్ కాక్ గాడిలో పడేదాకా మెల్లగా దించాలి. అంటే నిండు తూటా మీద, కావాలనే, ట్రిగ్గర్ నొక్కుతున్నామన్నమాట. పాత 1894 మోడల్‌లో అదే చేయి లీవర్‌ను కూడా బిగించి పట్టుకోవాలి. మంచు కురిసే ఉదయాన, మందపాటి చేతితొడుగుతో, బిగుసుకుపోయిన వేళ్లతో ఈ మూడు పనులూ ఒకేసారి చేయడం ఎంత సున్నితమైన వ్యవహారమో ఒకసారి చేసినవారికి చెప్పనక్కరలేదు. సాయంత్రం రైఫిల్ ఖాళీ చేసేటప్పుడూ ఇదే గొడవ. గొట్టపు మ్యాగజైన్‌లోని (తూటాలు వరుసగా నిల్వ ఉండే గొట్టంలోని) తూటాలను ఒక్కొక్కటిగా లీవర్ ఆడించి బయటికి తీయాలి. ఆడించిన ప్రతిసారీ హ్యామర్ ఎక్కుతుంది.

మార్లిన్ 1980ల తొలి భాగంలో ప్రవేశపెట్టిన అడ్డబొత్తాం ఈ ఘడియకు సరిగ్గా పనికొస్తుంది. అది ఫ్రేమ్‌లో అడ్డంగా కదిలే ఒక ఉక్కు కడ్డీ. ఒకవైపుకు నెడితే దాని నిండు భాగం హ్యామర్ దారిలోకి వస్తుంది, హ్యామర్ పడినా ఫైరింగ్ పిన్‌ను చేరదు. రెండోవైపుకు నెడితే దారి తెరుచుకుని, బొత్తాం చుట్టూ ఎర్రటి గీత కనిపిస్తుంది. గమనించవలసిందేమిటంటే, ఇది ట్రిగ్గర్‌ను ఆపదు, లీవర్‌నూ ఆపదు. లీవర్ ఆగదు కనుక సేఫ్టీ వేసి ఉంచే మ్యాగజైన్ అంతా ఖాళీ చేసుకోవచ్చు, బొటనవేలు జారినా హ్యామర్ కడ్డీ మీదే పడుతుంది. ట్రిగ్గర్ ఆగదు కనుక, బొత్తాం సంగతి మరిచిన వేటగాడికి జింక ఎదురైనప్పుడు ఠప్పుమన్న చప్పుడు తప్ప ఏమీ దక్కదు. దుకాణంలో వినిపించే సణుగుడులో సగం ఈ జింకల గురించే.

సావేజ్ కంపెనీ లీవర్ యాక్షన్ రైఫిల్ 99 దీనికి సరిగ్గా తలకిందులు. అందులో బయటికి హ్యామరే కనిపించదు కనుక హాఫ్ కాక్ ప్రసక్తి లేదు, మొదటినుంచీ చేతి సేఫ్టీ తప్పనిసరి అయింది. పాత మోడళ్లలో అది ట్రిగ్గర్ వెనుక జారే చిన్న మీట. ట్రిగ్గర్‌తోపాటు లీవర్‌ను కూడా బంధిస్తుంది. అడవిలో నడిచేటప్పుడు కొమ్మ తగిలి లీవర్ తెరుచుకోదు, బాగానే ఉంది. ఖాళీ చేయాలంటే మాత్రం ముందు సేఫ్టీ తీయక తప్పదు.

వించెస్టర్ కూడా 1992లో అడ్డబొత్తాం పెట్టి, కొనుగోలుదారుల విసుగు చూసి, 2003లో దాన్ని హ్యామర్ వెనుక, బొటనవేలికి సహజంగా అందే చోటికి మార్చింది. ఇప్పుడు జపాన్‌లో మిరోకు అనే కంపెనీ తయారుచేసే 1894 రైఫిళ్లలోనూ అది అక్కడే ఉంది. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా తెలివైన చోటు: హ్యామర్ కోసం వెళ్లే వేలే దాన్నీ తాకుతుంది, మరిచిపోయే అవకాశం తక్కువ. నా దగ్గరున్నది మాత్రం బొత్తాం ఉన్న మార్లిన్. ఆ బొత్తాం పీకేసి రంధ్రం పూడ్చే ముక్కలు మార్కెట్లో దొరుకుతాయని మిత్రులు చెబుతుంటారు. నేను వాటి జోలికి పోలేదు. అడవిలో ఉన్నంతసేపూ హాఫ్ కాక్ మీద నడుస్తాను. కారు దగ్గరికి తిరిగివచ్చి తూటాలు తీయడం మొదలుపెట్టేముందు మాత్రం ఆ బొత్తాం నొక్కి, ఎర్ర గీత కనబడటం లేదని చూసుకున్నాకే లీవర్ మీద చేయి వేస్తాను.