మనీ ప్లాంటా, లడ్డూనా

"దాన్ని ఎవరికైనా ఇచ్చేయ్ అమ్మా" అని మా అమ్మాయి ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. కుక్కలకు, పిల్లులకు పడని మొక్కల జాబితా అది, అమెరికాలో జంతువుల కోసం పనిచేసే ఏఎస్‌పీసీఏ వాళ్ళది. అందులో గోల్డెన్ పోతోస్ ఉంది. అంటే మన మనీ ప్లాంటే.

"మా ఊళ్ళో ఇంటింటికీ మనీ ప్లాంట్, వీధివీధికీ కుక్క. దేనికీ ఏమీ కాలేదు" అన్నాను.

"కాలేదని ఎవరు చూశారు?"

ఎవరూ చూడలేదు. అప్పట్లో మా ఇంటి కుక్క గడప దాటి లోపలికి వచ్చిందే లేదు. ఇప్పటి మా కుక్క ఈ లడ్డూగాడేమో సోఫాలో నా చోటు కూడా వదలడు. అది ఒప్పుకోకుండా "కందకు లేని దురద కత్తిపీటకెందుకే" అని సామెత విసిరాను. తీరా చదివితే కంద, చేమ, మనీ ప్లాంట్ అన్నీ ఒకే కుటుంబమట! నా సామెత కూడా మా అమ్మాయి వైపే చేరింది.

ఆకుల్లో, కాడల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. కుక్క నమిలితే నోరు మండుతుంది, చొంగ కారుతుంది, కాలితో మూతి గీరుకుంటుంది, వాంతులూ కావచ్చు. నోరు నీళ్ళతో కడిగి వెట్‌కి ఫోన్ చేయాలి. మనంతట మనం వాంతి చేయించకూడదు. గొంతు వాచి ఊపిరి ఇబ్బందైతే ఆలస్యం చేయకుండా తీసుకెళ్ళాలి. మామూలుగా ప్రాణం మీదికి రాదు. కాలేయాన్ని పాడుచేసే సాగో పామ్ అనే అలంకరణ మొక్క మాత్రం ప్రాణాంతకం, దాని గింజలు మరీను. కుక్క ఉన్న ఇంట్లో అది వద్దే వద్దు.

"చూశావా, మనది అంత ప్రమాదం కాదు" అన్నాను. "మరి పాయసంలో కిస్‌మిస్ కిందపడితే కుక్క కిడ్నీలు పోతాయని నాన్న మీద అరిచావుగా?" అంది. అరిచాను. కిస్‌మిస్‌కి సెంటిమెంట్ లేదు కదా మరి. ఈ తీగ గృహప్రవేశానికి ఒక అక్క ఇచ్చింది. పారేస్తే లక్ష్మిని గెంటేసినట్టు ఉంటుంది. మంగళవారం గోళ్ళు తీయొద్దన్న మా అత్తగారితో వాదించిందీ నేనే.

మా అమ్మాయికి తెలిసిందంతా ఫోన్‌లోది, నాకు తెలిసింది అనుభవం అనుకుంటాను. ఆ అనుభవంలో ఎంత భాగం అసలు పట్టించుకోకపోవడమో! రేపు ఇంకో విషయంలో "మా రోజుల్లో ఏమీ కాలేదు" అంటే, అది మళ్ళీ "ఎవరు చూశారు" అనదా? అననివ్వాలా, ఆపాలా, అదీ తెలియడం లేదు.

ప్రస్తుతానికి కుండీని సీలింగ్ కొక్కేనికి వేలాడదీశాం. కిందికి దిగిన తీగలన్నీ కత్తిరించాలని ఒప్పందం. కత్తిరిస్తున్నాను. పారేయడానికే చేయి రావడం లేదు. పైన బాత్రూమ్ కిటికీలో సీసాలు పెట్టాను, అన్నీ వేళ్ళు పోశాయి. మా అమ్మాయి ఇంకా చూడలేదు.