ఎస్‌ఏటీ పదకొండో తరగతిలో చాలు

అమెరికాలో మన తెలుగు కుటుంబాలు నాలుగు కలిసిన చోట, పిల్లలు ఎనిమిదో తరగతికి వచ్చారంటే ఆ మాట రాకుండా ఉండదు: "ఎస్‌ఏటీ కోచింగ్ మొదలుపెట్టారా?" ఎస్‌ఏటీ అంటే ఇక్కడి కాలేజీల్లో చేరడానికి హైస్కూల్ పిల్లలు రాసే 1600 మార్కుల పరీక్ష, అందులో మ్యాథ్, రీడింగ్ అని రెండు సెక్షన్లు. మా పెద్దమ్మాయి విషయంలో నన్నూ చాలామంది అడిగారు. ఇప్పుడు చిన్నాడి గురించి అడుగుతున్నారు. ఇద్దరి విషయంలోనూ నాది ఒకటే జవాబు. పరీక్ష పదకొండో తరగతిలో రాయాలి, అంతకు ముందు అక్కర్లేదు.

మనం ఎంసెట్ రాసి పెరిగినవాళ్లం. ఏడాదికి ఒక్కటే పరీక్ష, ఆ పూట జ్వరం తగిలితే మరో ఏడాది లాంగ్ టర్మ్. ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిదన్న నమ్మకం అక్కడే పుట్టింది. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను, మనలో చాలామందిని ఈ దేశం దాకా తెచ్చింది ఆ శ్రమే. కానీ ఈ పరీక్ష తీరు వేరు. ఆగస్టు నుంచి జూన్ దాకా చాలాసార్లు పెడతారు, కావాలంటే మళ్లీ రాయొచ్చు. ఒకసారి మ్యాథ్ బాగా వచ్చి, ఇంకోసారి రీడింగ్ బాగా వస్తే, చాలా కాలేజీలు ఆ రెండింటినీ కలిపి సూపర్‌స్కోరుగా చూస్తాయి. ఒక్క శనివారం చెడిపోతే ఏడాది పోదు.

తేదీ ఎంచుకునే ముందు చూడాల్సింది పక్కింటివాళ్లు ఎప్పుడు రాశారన్నది కాదు, మన పిల్ల బడిలో ఏ మ్యాథ్ చదువుతోందన్నది. మ్యాథ్ సెక్షన్‌లో ఎక్కువ భాగం ఆల్జీబ్రాయే, దానికి తోడు జామెట్రీ, కొంచెం ట్రిగొనామెట్రీ. బడిలో ఆల్జీబ్రా 2 అనే హైస్కూల్ కోర్సు అయ్యాక రాస్తే, బడిలో నేర్చుకున్నదే పరీక్షలో ఎదురవుతుంది. అది అవకముందే కోచింగ్‌లో వేస్తే, బడిలో నిదానంగా అర్థం కావలసిన పాఠాన్ని చిట్కాలతో బట్టీ పట్టిస్తాం. పన్నెండేళ్ల పిల్లకి ఆ శనివారాలు పుస్తకాలు చదవడానికి వదిలేస్తే రీడింగ్ సెక్షన్‌కి అదే పెద్ద తయారీ.

ఇండియా నుంచి తొమ్మిదిలోనో పదిలోనో వచ్చి చేరిన పిల్లల లెక్క వేరు. మ్యాథ్‌లో వాళ్లు ఇక్కడి పిల్లల కన్నా ముందుంటారు, ఇంగ్లిష్ దగ్గరే ఆగిపోతారు. వాళ్లని పదకొండు మొదట్లోనే తొందరపెట్టొద్దు. మార్చి దాకా ఆగనివ్వండి. అవసరమైతే పన్నెండుకి ముందు వచ్చే ఆగస్టు పరీక్ష ఉండనే ఉంది.

ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకి నాకు నచ్చిన వరస ఇది. పది అయ్యాక వచ్చే వేసవిలో ఎస్‌ఏటీ రాసే బ్లూబుక్ యాప్‌లోనే ఒక పూర్తి నమూనా పరీక్ష రాయించండి, ఉచితమే. అలాగే ఎస్‌ఏటీ బదులు రాయగల ఏసీటీ అనే పరీక్ష నమూనా ఒకటి కూడా. ఏది తమకి నప్పుతుందో పిల్లలకే తెలిసిపోతుంది. అక్టోబరులో బడిలో పీఎస్‌ఏటీ ఉంటుంది, ఎస్‌ఏటీకి ముందు రాసే అలాంటి పరీక్షే. నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కి లెక్కలోకి వచ్చేది సాధారణంగా పదకొండులో రాసిందే కాబట్టి, ఆ వేసవి తయారీ రెండింటికీ పనికొస్తుంది. ఆ ఊపులోనే నవంబరులోనో డిసెంబరులోనో ఎస్‌ఏటీ, సరిపోలేదనిపిస్తే మార్చిలో ఇంకోసారి. మే నెలని మాత్రం వదిలేయమంటాను, మొదటి రెండు వారాలూ ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, బడిలోనే చదివే కాలేజీ స్థాయి కోర్సుల) పరీక్షలతోనే సరిపోతాయి.

మా అమ్మాయి ఆ వేసవి ఈతకొలనులో లైఫ్‌గార్డ్‌గా పనికి వెళతానంది. పరీక్ష పెట్టుకుని ఉద్యోగమా అని ఇండియాలో మా నాన్నగారు కంగారుపడ్డారు. నేను పంపించాను. పొద్దున చదువు, మధ్యాహ్నం పని. తన జీతం తను తెచ్చుకోవడం, పసిపిల్లల ప్రాణాలకి బాధ్యత వహించడం ఏ కోచింగ్ సెంటరూ నేర్పదు. ఇక్కడి కాలేజీలు 1600కి ఎంత వచ్చిందో ఒక్కటే చూసి సీటు ఇవ్వవు. నాలుగేళ్ల గ్రేడ్లు, వ్యాసాలు, టీచర్ల ఉత్తరాలు, పిల్ల బడి బయట ఏం చేసిందన్నదీ చూస్తాయి. ర్యాంకుతో సీటు వచ్చే చోట బతికిన నాన్నగారికి ఇది నచ్చజెప్పడానికి నాకు చాలా ఫోన్లు పట్టాయి.

అసలు రాయాలా అని అడిగేవాళ్లూ ఉన్నారు. కోవిడ్ సమయంలో చాలా కాలేజీలు స్కోరు ఐచ్ఛికం చేశాయి. ఎంఐటీ 2022లోనే మళ్లీ తప్పనిసరి అంది, 2024లో డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్ అదే దారి పట్టాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు మాత్రం అడ్మిషన్‌కి ఈ స్కోరు చూడవు. మీ పిల్లలు దరఖాస్తు చేసేది వాటికే అయితే ఈ గొడవే లేదు. మిగతావాళ్లు జాబితాలోని ప్రతి కాలేజీ నియమాన్నీ పదకొండో తరగతి మొదట్లోనే దాని వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

ఎర్లీ దరఖాస్తుల (మామూలు గడువు కన్నా ముందే పంపేవాటి) గడువు చాలాచోట్ల నవంబరు 1. పన్నెండో తరగతి సెప్టెంబరు, అక్టోబరు నెలలు వ్యాసాలకే చాలవు, పైగా బడి గ్రేడ్లు. అప్పటికి ఎస్‌ఏటీ పని అయిపోయి ఉండాలి. పరీక్ష సెంటర్‌లో సీటు కూడా ముందే బుక్ చేసుకోండి. కాలిఫోర్నియాలోని బే ఏరియా లాంటి చోట్ల దగ్గరి సెంటర్లు త్వరగా నిండిపోతాయి, ఆలస్యమైతే తెల్లవారకముందే లేచి గంటల దూరం కారులో వెళ్లి రాయాల్సి వస్తుంది.